భృతి ఆగి పని మొదలైతే పన్ను రాయితీ ఎవరికి అందుతుంది?

శ్రీశైలంలో మహాశివరాత్రి, ఉగాది ఉత్సవాలప్పుడు పారిశుధ్య పని పెరుగుతుంది. యాత్రికులు వెళ్ళిపోయాక ఆ పని తగ్గిపోతుంది. ఊడ్చే పనికి, మోసే పనికి వెళ్ళేది ఎక్కువగా ఏ వాడల వాళ్ళో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. పని దొరికితే ఉన్న కార్డు పోతుందా అనేది అక్కడ రోజువారీ ప్రశ్న.

బ్రిటన్‌లో 2003 నుంచి 2025 ఏప్రిల్ 5 దాకా వర్కింగ్ ట్యాక్స్ క్రెడిట్ నడిచింది. భృతి వదిలి తక్కువ జీతపు పనిలో చేరినవాళ్ళకు, కట్టాల్సిన పన్ను ఏమీ లేకపోయినా ప్రభుత్వమే ఎదురు డబ్బు ఇచ్చేది. పిల్లలున్న ఒంటరి తల్లి వారానికి 16 గంటలు పనిచేస్తే అర్హురాలు.

మన దేశంలో 87ఎ రిబేటు ఉంది. అది పడిన పన్నును మాఫీ చేస్తుందే తప్ప చేతికి పైసా ఇవ్వదు. 2025–26 కొత్త విధానంలో 4 లక్షల దాకా అసలు పన్నే లేదు. 12 లక్షల దాకా పడే పన్నును రిబేటు రద్దు చేస్తుంది. అంటే నెలకు 15,000 తెచ్చుకునే కార్మికురాలికి దీనివల్ల ఒరిగేది సున్నా.

భృతి విషయానికొస్తే, ముఖ్యమంత్రి యువనేస్తం 2018 అక్టోబరులో మొదలై 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవాళ్ళ కోసం 2018లోనే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. పని పోతే సగటు దినసరి వేతనంలో సగం, జీవితకాలంలో మొత్తం 90 రోజులకు మించకుండా ఇస్తారు. కనీసం రెండేళ్ళ బీమా ఉద్యోగం ఉండాలి. పని పోవడానికి ముందరి చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా చందా పడి ఉండాలి. క్రమశిక్షణ చర్య కింద తొలగించినా, తానే స్వచ్ఛందంగా విరమించుకున్నా రాదు. పండగ పది రోజుల పనికి పిలిచినవాళ్ళు ఈ లెక్కకు ఎలా అందుతారు?

అసలు దెబ్బ బియ్యం కార్డు దగ్గర ఉంది. ఆంధ్రప్రదేశ్ ఆరంచెల పరిశీలనలో గ్రామీణ కుటుంబానికి నెలకు 10,000 రూపాయల ఆదాయ పరిమితి పెట్టారు. ఏడాదికి 1,20,000. ఒక మనిషికి 12 లక్షల దాకా పన్ను వద్దన్న రాజ్యమే, అందులో పదో వంతు సంపాదించిన ఇంటిల్లిపాదినీ పేదలు కారంటుంది. ప్రభుత్వ ఉద్యోగుల నిషేధం నుంచి పారిశుధ్య కార్మికులను మినహాయించారు. ఇది చాలామందికి తెలియదు, గట్టిగా అడగండి.

ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళుంటే అనర్హత అనే షరతు మరో భయం. దానికి జడిసి రిటర్ను వేయకుండా కోతపడిన డబ్బు వదులుకోవద్దు. జీతాన్ని ‘ఫీజు’గా చూపి 10 శాతం టీడీఎస్ కోస్తే, నెలకు 15,000 మీద ఏడాదికి 18,000 పోతుంది. రిటర్ను వేస్తేనే అది తిరిగొస్తుంది. రిటర్ను వేయడం, పన్ను కట్టడం ఒకటి కాదు. ఆదాయపు పన్ను శాఖ పంపే ఇంటిమేషన్‌లో పన్ను సున్నా అని ఉంటుంది. సచివాలయంలో కార్డు ఆపితే ఆ కాగితం జత చేసి, అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.