పదహారణాల లెక్క

మన భాషలో తొలి గణిత గ్రంథంగా పేరొందినది పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితము’. ఆయన 11వ శతాబ్దం వాడని, రాజరాజ నరేంద్రుని కాలం వాడని చాలామంది పండితులు చెబుతారు. 9వ శతాబ్దంలో జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణితసారసంగ్రహం’ దీనికి మూలం. మల్లన దాన్ని మక్కీకి మక్కీ దించలేదు. జైన సంప్రదాయపు ఉదాహరణలు మార్చి, తన చుట్టూ ఉన్నవారికి తగినట్లు తెలుగు పద్యాల్లో పెట్టాడు.

మూలగ్రంథంలోని అధ్యాయాల పేర్లు చూడండి. త్రైరాశిక వ్యవహారం, మిశ్రక వ్యవహారం, ఖాత వ్యవహారం, ఛాయా వ్యవహారం. అసలుకు వడ్డీ ఎంత, గొయ్యి తవ్వితే మన్ను ఎంత, నీడను బట్టి ఎత్తు ఎంత అన్నవే అందులోని ప్రశ్నలు. పెద్దలు లెక్కను వ్యవహారం అన్నారంటే, అది బతుకుతెరువులో పనికి రావాలనే కదా!

వీధి బడుల కాలంలోనూ ఇదే పద్ధతి. పిల్లవాడు ఎక్కాలతోపాటు అర, పావు, ముప్పావు, వీసం వల్లె వేసేవాడు. ఇంటికి వస్తే సోల, తవ్వ, మానిక, కుంచం కంటి ముందే ఉండేవి. బడిలో విన్న మాట వంటింట్లో కనిపించేది. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల చదువుకోని వాళ్లు కూడా ఈ లెక్క నోటితోనే కట్టేవారు.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి 100 నయా పైసలు అన్నారు. అప్పుడు నేను రెండో తరగతి. అణాకు సరిగ్గా ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసా లేదు గనుక అణాకు ఆరు పైసలుగా కట్టారు. నాలుగు అణాలు కలిపి ఇస్తే 25 పైసలు. అవే నాలుగు అణాలు నాలుగుసార్లుగా ఇస్తే 24 పైసలే. ఒక పైసా ఎక్కడికి పోయింది? దీని మీద కొట్టు దగ్గర ఎన్ని వాదాలో! విడివిడిగా కొంటే నష్టం, కలిపి కొంటే లాభం అని మా వీధిలో ఆడవాళ్లు రెండు నెలల్లో కనిపెట్టేశారు. భిన్నాలను సవరించడం అంటే ఏమిటో నాకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

ఆ తరువాత తూకాలు మారాయి. 1958 నుంచి విడతలుగా మెట్రిక్ తూకాలు ప్రవేశపెట్టారు. 120 తులాల వీశె సుమారు 1 కిలో 400 గ్రాములైంది. నేను ఆరు, ఏడు తరగతులకు వచ్చేసరికి పెద్దవాళ్లు వీశెల్లో అడిగేవారు, కొట్టువాడు కిలోల్లో తూచేవాడు. మధ్యలో లెక్క కట్టి చెప్పేది మాబోటి మిడిల్ స్కూలు పిల్లలే. దేశం మారుతుంటే ఆ మార్పును ఇంటికి చేరవేసే పని మా చేతికి వచ్చింది.

తరువాతి తరాలకు పుస్తకం ఒక దారి, బతుకు ఒక దారి అయ్యాయి. బడి చదువును బయటి జీవితంతో కలపాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రంగానే చెప్పింది. అయినా ఎనిమిదో తరగతి పిల్లవాడిని “బారువడ్డీ సూత్రం చెప్పు” అంటే చెబుతాడు, “నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం?” అంటే బిక్కమొహం వేస్తాడు. నెలకు రెండు గనుక ఏడాదికి 24 శాతం. అంతే.

ఇది తెలియక కొంపలు మునుగుతున్నాయి. రోజువారీ ఫైనాన్సు సంగతే తీసుకోండి. పదివేలకు నోటు రాయించుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వినడానికి పది శాతమే. కాని రోజూ కడుతున్న కొద్దీ మన దగ్గర ఉన్న అసలు తగ్గుతూ వస్తుంది. సగటున మనం వాడుకున్నది నాలుగున్నర వేలే. దాని మీద నూరు రోజులకు వెయ్యి అంటే ఏడాదికి సుమారు 80 శాతం! సగటు, శాతం రెండూ ఏడో తరగతి పాఠాలే.

మన కృష్ణ సంగతీ అంతే. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగితే, 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 2024 సెప్టెంబరు మొదట్లో దానికి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బుడమేరు వేరే పొంగి సింగ్‌నగర్ మునిగింది. “అంత పెద్ద బ్యారేజీ ఉండగా కృష్ణ నీళ్లు ఆపరేం?” అని అడిగినవారు ఉన్నారు. లెక్క వేద్దాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. బ్యారేజీలో పట్టేది సుమారు 3 టీఎంసీలు, అంటే 300 కోట్ల ఘనపుటడుగులు. దాన్ని 11.43 లక్షలతో భాగిస్తే 2,600 సెకన్ల పైచిలుకు. ఖాళీ బ్యారేజీ అయినా ముక్కాలు గంటలో నిండిపోతుంది! కనుక 70 గేట్లూ ఎత్తి, వచ్చిన నీరు వచ్చినట్టు వదలవలసిందే. ఈ భాగహారం తెలిసిన పిల్లవాడు రేపు వరద కబురు రేడియోలో వింటే, ఇంట్లోవాళ్లను ముందుగానే లేపుతాడు.

మిత్రులారా, ఇంక్రిమెంట్లు, కరువు భత్యం బకాయిలు, కమ్యుటేషన్ లెక్కలు కట్టీ కట్టీ మనం రిటైరయ్యాం. ఆ చేతులకు ఇంకా పని ఉంది. దగ్గరి బడి ప్రధానోపాధ్యాయుని అనుమతితో వారానికి ఒక గంట ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల మధ్య కూర్చుందాం. పాఠం మాస్టారు చెబుతారు. మనం కరెంటు బిల్లు, చీటీ పుస్తకం, ఎకరం సెంట్లున్న పాసు పుస్తకం పట్టుకెళదాం. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. తమ ఇంటి స్థలం ఎన్ని సెంట్లో కొలిచి రమ్మందాం.

పదహారు అణాలు పోయి అరవై ఏళ్లు దాటినా ‘పదహారణాల తెలుగు’ అన్న మాట మాత్రం పోలేదు. లెక్కా అలాగే మన పిల్లల నోట నిలవాలని కోరుతూ సెలవు తీసుకుంటాను.