పద్మాపురం ఉద్యానవనము

తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్న అరకులోయలో, ఉత్తరాంధ్ర ప్రజలకు చిరపరిచితమైన సార్వజనికోద్యానము. దక్షిణాపథమున పేరొందిన తోటలలో పెక్కింటికి ప్రభువుల విలాసమే మూలము. బెంగుళూరి లాల్‌బాగు 1760 ప్రాంతమున హైదరాలీ యాజ్ఞచేతను, హైదరాబాదులోని బాగె ఆం 1846లో నిజాము ప్రభుత్వమునను రూపొందినవి. పద్మాపురమునకు అట్టి రాజాశ్రయము లేదు. ఇది రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికుల యాహారమునకై వేసిన కూరగాయల తోట.

1942 మార్చిలో రంగూను జపానువారి వశమై, బంగాళాఖాతమంతయు రణరంగముగా మారినది. ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు కురిపించగా, తీరవాసులు భయకంపితులై లోపలి గ్రామములకు తరలిపోయిరి. ఆ సంవత్సరముననే సైనికులకు కూరగాయల నందించుటకై, చల్లని గాలియు కొండవాగుల నీరును గల ఈ లోయలో తోట నెలకొల్పబడినది. అదే కాలమున లండను నగరపు ఉద్యానములలో పచ్చికబయళ్లను త్రవ్వి కూరలు నాటుచుండిరి. పద్మాపురము నడచినది అందుకు ఎదురుదారి: యుద్ధము ముగిసిన పిమ్మట కాలక్రమమున ఇచటి కూరమడులు పూలమడులైనవి. తుపాకుల నీడలో పుట్టి పూలకు నెలవైన ఈ నేల చరిత్ర, దాని గులాబీల కంటె తక్కువ ఆదరణీయమైనది కాదు.

తోటకు సందర్శకులు విరివిగా వచ్చుటకు రైలుమార్గము తోడ్పడినది. బైలదిల్లా గనుల ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చి జపానుకు ఎగుమతి చేయుటకై, 1960 నాటి ఒప్పందమును అనుసరించి, అరకు మీదుగా పోవు కొత్తవలస-కిరండోలు మార్గము ఆ దశాబ్దమున నిర్మితమైనది. ఏ దేశపు విమానములు ఈ తీరముపై బాంబులు కురిపించిన యేట ఈ తోట పుట్టినదో, ఆ దేశమునకు ఖనిజము పంపుటకై పరచిన పట్టాలే సందర్శకులను దీని చెంతకు చేర్చినవి. 2017లో ఈ మార్గమున అద్దపు పైకప్పుగల పెట్టెలును ప్రవేశపెట్టబడినవి. విజయనగరము వైపునుండి వచ్చువారు కొత్తవలస చేరి అచట బండి మారవచ్చును. రోడ్డున పోవువారికి శృంగవరపుకోట దాటగనే ఘాటీ మొదలగును.

అరకునకు జనము హేమంతమున పొగమంచుకును, వలిసెపూల పసుపునకును మూగుదురు. మా అభిప్రాయమున వసంతము అంతకంటె దర్శనీయము. శివరాత్రి వెళ్లి మైదానమున ఎండ చురుక్కుమనుచుండ, ఇచట ఉదయములు ఇంకను చల్లగనే యుండును. తోటలో గులాబీలును, కొండవాలున నిప్పురవ్వల వంటి మోదుగులును కన్నుల పండువు సేయును. తొలి వేసవిజల్లు పడిన వారము పది దినములకు చుట్టుప్రక్కల కాఫీతోటలు తెల్లగా విరిసి మల్లెవాసనను తలపించును. ఆ పూత నాలుగు దినములకు మించి నిలువదు గనుక, జల్లు పడిన వార్త విని బయలుదేరుటయే యుక్తము. చైత్రమున గిరిజన గ్రామములలో ఇటుకల పండుగ జరుగును. స్త్రీలు ఒకరి నడుము నొకరు పెనవేసికొని థింసా నృత్యము ఆడుదురు.

చెట్లపై కట్టిన కుటీరములును, బాలల కొరకు చిన్న రైలును తోటలో కలవు. 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్టణము జిల్లాలో నున్న ఈ ప్రాంతము, నాటినుండి పాడేరు కేంద్రముగా గల అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.