సైకిలు క్యారియర్ – ఓరుగల్లు బరువులు

సైకిలు చరిత్ర చెప్పేవారు సాధారణంగా ముందు చక్రం దగ్గర మొదలుపెడతారు. పెద్ద ముందు చక్రమూ బుల్లి వెనక చక్రమూ ఉన్న పాతకాలపు బండి బొమ్మ ఒకటి వేస్తారు. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలనూ ఇంచుమించు సమానం చేసి, వెనక చక్రాన్ని గొలుసుతో తిప్పే 'రోవర్' బండిని తెచ్చాడంటారు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చిందని చెప్పి ముగిస్తారు. ఆ కథ నిజమే. అయితే మా వరంగల్లులో సైకిలు ఏం చేసిందని అడిగితే దానిలో జవాబు దొరకదు. అందుకు బండి వెనక్కి వెళ్ళి చూడాలి. సీటు వెనక, మడ్‌గార్డు పైన, కడ్డీల కాళ్ళ మీద నిలబడిన ఒక ఇనుప చట్రం కనిపిస్తుంది. కొందరు క్యారియర్ అంటారు, కొందరు క్యారేజీ అంటారు. దొరల షికారు బండిని మన శ్రమజీవి బతుకుబండిగా మార్చింది ఆ చట్రమేనని నా అభిప్రాయం. ఈ వ్యాసమంతా ఆ మాటకు వివరణే.

1889 నాటికి సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దాకా రైలు మార్గం పూర్తయింది. నిజాము రాజ్యంలోకి సరుకులతో పాటు విలాస వస్తువులూ వచ్చిన దారుల్లో అదొకటి. తొలినాళ్ళలో సైకిలంటే ఇంగ్లండు సరుకు. ఉద్యోగస్తులకూ, కలిగినవారికీ మాత్రమే అందేది. అలాంటి బండికి వెనక క్యారియర్ ఉన్నా, ఒక పుస్తకమో, మడిచిన కోటో, చిన్న సంచీయో పెట్టుకోవడానికే.

స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మారింది. 1949లో మద్రాసులో మురుగప్ప కుటుంబంవారు బ్రిటిష్ కంపెనీతో కలిసి టీఐ సైకిల్స్ స్థాపించారు. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. అందరూ ఇంచుమించు ఒకే రకం బండి చేశారు. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, ఇరవై కిలోలకు అటూ ఇటూ బరువు. ఈ బండి చక్రాల పుల్లలు లెక్కపెట్టి చూడండి. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40. బ్రిటిషువారి నుంచి వచ్చిన లెక్క ఇది. మనిషి బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి అక్కడ ఎనిమిది పుల్లలు ఎక్కువ వేశారు. మనవాళ్ళు ఆ ఎనిమిది పుల్లల మీద ఒక సంసారాన్నే నడిపారు.

వరంగల్‌లో అది ఎలా జరిగిందో చూద్దాం. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. షిఫ్టుకు పోయే కార్మికుడికి సైకిలు కాలితో సమానం. క్యారియర్ మీద సద్ది గిన్నె, దాని మీద స్ప్రింగు రెక్క. టిఫిన్ గిన్నెనూ మనం క్యారియర్ అనే అంటాం కదా, ఒక క్యారియర్ మీద ఇంకో క్యారియర్ పోతుండేది. మిల్లుకు దగ్గరలోనే కొత్తవాడ. అక్కడి నేతగాళ్ళ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందెప్పటి నుంచో అవి చుట్టలు చుట్టలుగా సైకిళ్ళ వెనక అడ్డంగా కట్టుకుని బజారుకు పోతూనే ఉన్నాయి. ఊళ్ళ నుంచి గీత కార్మికుడు కల్లు లొట్లు తెచ్చినా, పాలవాడు రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని వచ్చినా, లక్ష్మీపురం మార్కెట్టు నుంచి కూరగాయల బుట్ట వాడవాడా తిరిగినా అన్నీ ఆ చట్రం మీదనే.

గమనించవలసిందేమంటే, ఒక్కో వృత్తి క్యారియర్‌ను ఒక్కో రకంగా మార్చుకుంది. పాలవాడు పక్కలకు కొక్కేలు అతికించుకున్నాడు. గ్యాసు బండ చేరవేసేవాడూ అంతే. ఇంటి వంటకు వాడే బండలో గ్యాసు 14.2 కిలోలు, బండతో కలిపితే ముప్ఫై కిలోలకు దగ్గర. పక్కకొకటి వేలాడదీస్తే అరవై కిలోలు. ఐస్ అమ్మేవాడు చెక్కపెట్టె బిగించాడు. కత్తులకు సానబట్టేవాడు స్టాండు వేసి, క్యారియర్ మీద సానరాయి అమర్చి, పెడలు తొక్కి దాన్ని తిప్పాడు. బండి కదలకుండానే కూలి సంపాదించింది. ఈ మార్పులేవీ కంపెనీల నుంచి వచ్చినవి కావు. స్టేషను రోడ్డులో, మండీ బజారులో, ఎనుమాముల దారిలో ఉన్న వెల్డింగు దుకాణాల్లో, సన్నకారు మెకానిక్కుల చేతుల్లో పుట్టాయి. కట్టడానికి తాడు కంటే పాత ట్యూబు చీలికలే మేలని కనిపెట్టిందీ వాళ్ళే. సాగి బిగుస్తుంది, కుదుపుకు వదలదు, పైసా ఖర్చు లేదు.

ప్రపంచంలో ఇంకెక్కడా ఇలా జరగలేదని కాదు. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధంలో వియత్నాం ప్రజలు ఒక్కో సైకిలు మీద 200 కిలోల దాకా, కొన్నిసార్లు అంతకు మించి కూడా, బియ్యం, మందుగుండు వేసి కొండదారుల్లో నెట్టుకుపోయారు. ఎక్కి తొక్కలేదు, నెట్టారు. మన బరువు సైకిలు కూడా కాజీపేట వంతెన ఎక్కేటప్పుడు నెట్టుడు బండే. ఒకచోట యుద్ధం, ఒకచోట పూట గడవడం. ఇనుము చేసిన పని మాత్రం ఒక్కటే.

ఇక ఆ ఇనుము పనితనం సంగతి. కిందటేడు నా గేరు సైకిలుకు క్యారియర్ బిగించుకోవలసి వచ్చింది. ఈ కాలపు సైకిళ్ళు చాలావరకు అది లేకుండానే వస్తున్నాయి. వారానికోసారి బియ్యం, కూరలు తేవాలి, భుజాన సంచీ మోయడం నాకు ఇష్టం లేదు. అప్పుడు పాత క్యారియర్లను కూలంకషంగా చూశాను. వాటి వెనక ఎంత ఆలోచన ఉందో అర్థమైంది.

పాత నల్ల సైకిలులో క్యారియర్ కాళ్ళు తిన్నగా వెనక ఇరుసు మీదికి దిగుతాయి. ఇరుసు నట్టు కిందే వాటినీ బిగిస్తారు. ముందువైపు పట్టీ సీటు కింద బోల్టుకు తగులుతుంది. బరువంతా కాళ్ళ గుండా ఇరుసు మీదికి, అక్కడి నుంచి పుల్లల మీదికి పోతుంది. ముందు పట్టీ పని చట్రం వెనక్కి పడిపోకుండా పట్టుకోవడమే. దీనిలో ఒక చిక్కు ఉంది. పంక్చరుకు చక్రం విప్పితే క్యారియర్ కాళ్ళు, స్టాండు కూడా విప్పాలి. మెకానిక్కు పానా తిప్పుతూ విసుక్కునేది అందుకే. అయినా ఆ పద్ధతిని ఎవరూ మార్చలేదు, ఎందుకంటే బరువు అంతకంటే తిన్నగా నేలకు దిగే దారి లేదు.

బరువు ఎక్కడ పెట్టాలన్నది రెండో సంగతి. చిన్న లెక్క చేసి చూద్దాం. రెండు ఇరుసుల మధ్య దూరం 115 సెంటీమీటర్లు అనుకుందాం. 50 కిలోల మూట గరిమనాభి వెనక ఇరుసుకు 15 సెంటీమీటర్లు వెనగ్గా ఉంటే, ముందు చక్రం మీద నుంచి సుమారు ఆరున్నర కిలోల బరువు లేచిపోతుంది. హ్యాండిలు తేలిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ముందుకాళ్ళు ఎత్తిన గుర్రమవుతుంది. అందుకే అనుభవజ్ఞులు మూటను సీటుకు ఆనించి కడతారు, పక్కలకు వీలైనంత కిందికి వేలాడదీస్తారు. ఈ సూత్రాన్ని భౌతికశాస్త్రం చదవని పాలవాడు తన క్యాన్లతో రోజూ నిరూపించాడు.

కొత్త సైకిలుకు బిగించేవారు నాలుగు విషయాలు చూసుకోవాలి. ఒకటి, చట్రానికి వెనక ఇరుసు పక్కన బోల్టు కన్నాలు ఉన్నాయా లేవా అని. ఉంటే కాళ్ళు అక్కడ దిగాలి. సీటు గొట్టానికి మాత్రమే పట్టే వేలాడే రకం చూడ్డానికి తేలిక, కానీ అది పది కిలోలకు మించి మోయదు. రెండు, డిస్కు బ్రేకు ఉంటే కాలు దానికి తగలకుండా పక్కకు వంగిన రకం తీసుకోవాలి. మూడు, అల్యూమినియం తేలికే, తుప్పు పట్టదు. అయితే విరిగితే మన వీధిలో అతికేవాడు దొరకడం కష్టం. ఇనుము విరిగేముందు వంగి హెచ్చరిస్తుంది, ఏ వెల్డింగు దుకాణంలోనైనా అతుకుతుంది. నేను ఇనుమే తీసుకున్నాను. నాలుగు, ప్రతి బోల్టుకూ వాషరు వేసి, వదులు కాని రకం నట్టు బిగించి, వారం తర్వాత మళ్ళీ ఒకసారి పానా పెట్టాలి. మొదటి వారం కుదుపులకే అన్నీ సర్దుకుంటాయి.

యూరపులో తయారైన క్యారియర్ల మీద చాలావాటికి 25 కిలోలు అని అచ్చువేసి ఉంటుంది. మన పాత క్యారియర్ మీద ఏ అంకే ఉండేది కాదు. ఎంత మోస్తుందన్నది ఆనాటి అవసరం నిర్ణయించేది.

ఆ అవసరాల్లో మనుషులు కూడా ఉన్నారు. లైటు లేకపోయినా, డబల్ సవారీ చేసినా పోలీసులు జరిమానా వేసే కాలంలోనే కుటుంబాలన్నీ డబల్ సవారీ చేశాయి. నా తల్లి తరం ఆడవాళ్ళకు సైకిలంటే క్యారియరే. పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో సీటు స్ప్రింగు, ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, భద్రకాళి గుడికీ, ఎం.జి.ఎం. ఆసుపత్రికీ, పుట్టింటికీ పోయారు. వాళ్ళు పోయిన దూరం తక్కువేమీ కాదు, హ్యాండిలు మాత్రం చేతిలో లేదు. తమిళనాట పుదుక్కోట్టైలో 1990ల తొలినాళ్ళ అక్షరాస్యతా ఉద్యమంలో వేలాది స్త్రీలు సైకిలు నేర్చుకోవడం అంత పెద్ద వార్త ఎందుకయిందో, మన క్యారియర్లను తలుచుకుంటే తెలుస్తుంది. వెనక నుంచి ముందుకు రెండడుగుల దూరం. అది దాటడానికి ఒక తరం పట్టింది.

1980లో టీవీఎస్ 50 వచ్చింది. మెల్లగా పాల క్యాన్లు, కల్లు లొట్లు, కూరగాయల బుట్టలు దాని మీదికి మారాయి. 2002లో ఆజంజాహీ మిల్లు మూతపడింది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ వారి సాహిబాబాదు కర్మాగారం ఆగిపోయింది. సైకిలు చావలేదు, చేతులు మారింది. ఉదయం వ్యాయామానికి తొక్కేవారి బండికి మోయడానికి ఏమీ ఉండదు కనుక క్యారియర్ అక్కర్లేదు. బరువు పోవడం మంచిదే. అరవై కిలోల గ్యాసు బండలు తొక్కుకుపోయిన మోకాళ్ళ నొప్పి ఎవరికీ రాకూడదు. కానీ ఆ బరువు మోసినవారి జాడ కూడా దానితో పాటే పాత ఇనుప సామాను కొట్టుకు పోతున్నది. మిల్లుకు దస్తావేజులున్నాయి, జంపఖానాకు గుర్తింపు పత్రముంది. వాటిని మోసిన చట్రాన్ని తూకం వేసి కిలోల లెక్కన అమ్మేస్తున్నాం.

కనుక మిత్రులకు నా మనవి. మీ ఇంటి వెనక పాత సైకిలు ఉంటే అమ్మేముందు ఒకసారి దాని క్యారియర్‌ను చూడండి. ఎక్కడెక్కడ వెల్డింగు పడింది, ఏ కొక్కెం తర్వాత చేరింది, ఏ కడ్డీ ఏ పక్కకు వంగింది, గమనించండి. ఫొటో తీసి, కొలతలు రాసి, అది ఏమేమి మోసిందో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మీ ఊళ్ళో దాన్ని ఏ పేరుతో పిలిచేవారో కూడా రాసి ఉంచండి.