రికార్డు మీది చీటీ

కోనసీమలో వృద్ధగౌతమి యొడ్డున నున్న మురమళ్ళ వీరేశ్వరస్వామి ఆలయమునకు నిత్యకళ్యాణ క్షేత్రమని పేరు. ఏడాది పొడవునను అచ్చట స్వామికిని భద్రకాళీ అమ్మవారికిని కళ్యాణము జరుగుచునే యుండును. చేయించుకొనువారి గోత్రనామములను అర్చకులు సంకల్పములో చదువుదురు. మంత్రము అందరికిని ఒక్కటియే. ఆనాటి కళ్యాణము ఎవరి పేర జరుగుచున్నదో తెలుపునవి ఆ గోత్రనామములే.

పాటకును ఇట్టి గోత్రనామములు కావలెను. పాడినవారెవరు, వ్రాసినవారెవరు, ఏ యూర, ఏ యేట పాడిరి అను నాలుగు మాటలు వెంటలేని పాట, విన్నంతసేపు ఇంపుగా నుండి, ఒక తరము గడచిన పిమ్మట అనాథ యగును. యంత్రము పాటను పట్టుకొనుట నేర్చిన నాటినుండియు ఈ నాలుగు మాటలను ఎక్కడ వ్రాయవలెనను చిక్కు దాని వెంట వచ్చుచునే యున్నది. పూర్వులు ఆ చిక్కును ఎట్లు తీర్చుకొనిరో, తమ పాటలను తామే ఇంటిలో సీడీలుగా వెలువరించుకొన్న మన కాలమువారు ఎక్కడ ఏమరిరో ఈ ప్రసంగములో చూచెదము.

1877లో ఎడిసను కనిపెట్టిన ఫోనోగ్రాఫు గుండ్రని గొట్టము మీద ధ్వనిని గీసెడిది. తరువాత బజారునకు వచ్చిన మైనపు గొట్టములకు అట్ట డబ్బాలుండెను. పేరు డబ్బా మీద నుండెడిది. ఒక గొట్టమును మరియొక డబ్బాలో పెట్టినచో పేరు తారుమారగును. అందుచేత పాటకు ముందు ఒకరు నిలుచుండి, పాట పేరును పాడువారి పేరును బిగ్గరగా చెప్పు వాడుక ఏర్పడెను. 1887లో ఎమీల్ బెర్లినరు గొట్టమునకు బదులు పళ్ళెమును వాడు పద్ధతికి పేటెంటు పొందెను. ఆయన తొలి పళ్ళెములకు కాగితపు చీటీ లేదు. నడిమి ఖాళీలో పాట పేరు, పాడినవారి పేరు, సంఖ్య గీసియుండెడివి. వానిలో పెక్కింటిపై నున్నది చేతివ్రాతయే. 1900లో అమెరికాలో ఎల్డ్రిడ్జి జాన్సను కాగితపు చీటీని ప్రవేశపెట్టెను. పళ్ళెమును అచ్చునందు ఒత్తునప్పుడే చీటీని కూడ నడుమ నుంచి ఒత్తుట వలన, జిగురు అక్కరలేకయే ఆ వేడికి, బరువునకు అది లక్కతో ఏకమగును. అందుచేతనే నూరేండ్ల నాటి ప్లేట్ల మీద కూడ చీటీలు చెక్కుచెదరక నిలిచి యున్నవి.

మన దేశమున ఈ కథకు మరియొక మలుపు కలదు. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి రికార్డులు చేసెను. ఆ సంవత్సరము నవంబరులో పాడినవారిలో గౌహర్ జాన్ ప్రసిద్ధురాలు. అచ్చు వేయు కర్మాగారము అప్పుడు మన దేశములో లేదు. కలకత్తాలో గీసిన మైనపు పలకలు ఓడనెక్కి జర్మనీలోని హానోవరునకు పోవలెను. అచ్చటి పనివారికి మన భాషలు తెలియవు, గాయకులు తెలియరు. ఏ పలక ఎవరిదో వారికి తెలియుటకై, పాట ముగియగనే ఆమె తన పేరును ఇంగ్లీషులో చెప్పెడిది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము ఏర్పడిన తరువాత ఆ అవసరము తగ్గినది. కాని ఆ గొంతులో ఆ పేరు నేటికిని వినబడుచునే యున్నది. ఏ చీటీ చిరిగినను ఆ పాట ఎవరిదను ప్రశ్న రాదు.

తెలుగునాట గ్రామఫోను ప్లేటు ప్రధానముగా రంగస్థలము వెంట నడచినది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల పద్యములు, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములలోనివి, బలిజేపల్లి లక్ష్మీకాంత కవి హరిశ్చంద్రలోనివి, ప్లేట్లుగా ఊరూర మ్రోగెను. పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్క సుమారు మూడున్నర నిమిషములే పలుకును. నాటకశాలలో అర్ధగంట సాగు రాగము కూడ ఆ కొలతకు కుదించుకొనవలసి వచ్చెను. చీటీయు అంతే: అరచేతిలో ఇముడు ఆ గుండ్రని కాగితము మీద కంపెనీ బొమ్మ, సంఖ్య, పాట మొదలు, పాడినవారి పేరు ఇమడవలెను. చదువురానివారు బొమ్మను బట్టి కుక్క గుర్తు ప్లేటని కంపెనీని పోల్చుకొనెడివారు.

ఆ చిన్న చోటులో ఎవరి పేరు నిలుచును, ఎవరి పేరు జారును అనునది తేలికైన సంగతి కాదు. ‘మా తెలుగు తల్లికి’ అను గీతము శంకరంబాడి సుందరాచార్యులవారి రచన. టంగుటూరి సూర్యకుమారిగారి గ్రామఫోను రికార్డు వలన అది ఇంటింటికి చేరెను. నేడది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతము. బడిపిల్లలు మొదలు పెద్దల వరకు అందరికిని పాట వచ్చును. కవి పేరడిగినచో తడుముకొనువారు మాత్రము ఎందరో కలరు. అచ్చయి, ప్రసిద్ధికెక్కి, ప్రభుత్వ సభలలో పాడబడు గీతము గతియే ఇట్లుండగా, ఇంటిలో చేసికొన్న సీడీ మాట చెప్పవలెనా?

రేడియో ఈ విషయమున మనకొక మంచి అలవాటు నేర్పినది. 1938లో మద్రాసులోను, 1948లో విజయవాడలోను కేంద్రములు వెలసిన నాటినుండి, పాటకు ముందో వెనుకనో పాడినవారిని, రచయితను పేరుపేరున చెప్పుట శ్రోతలకు పరిచితమే. ఆ పేర్లకు ఆధారము రికార్డు మీది చీటీ. చీటీ లేని రికార్డు చేతికి వచ్చినచో ప్రకటించువారు ఏమి చెప్పగలరు?

1963లో ఫిలిప్సు కంపెనీ చిన్న క్యాసెట్టును వెలువరించెను. దానితో పాటను పట్టుకొను పని కంపెనీల చేతినుండి సామాన్యుని చేతికి వచ్చెను. భజన బృందము తన భజనను, నాటక సమాజము తన నాటకమును, తాతగారు తమ పద్యమును తామే నింపుకొనగలిగిరి. డబ్బాలోని అట్టకు గీతలు గీసియుండుట వలన ఒకటవ ప్రక్క ఏమి, రెండవ ప్రక్క ఏమి అని వ్రాయుటకు చోటుండెను. ఆ గీతలను చూచిన చేయి తనంతట తానే కలము వెదకుకొనెడిది.

తరువాత సీడీ వచ్చినది. ఫిలిప్సు, సోనీ కంపెనీలు కలసి 1980లో దాని ప్రమాణములను నిర్ణయించినవి. 1982లో అది జపానులో అమ్మకమునకు వచ్చెను. 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందము, నడుమ 15 మిల్లీమీటర్ల రంధ్రము, 74 నిమిషముల సంగీతము. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా వ్రాసికొను ఈ పళ్ళెము ఎంత సూక్ష్మమైన గమకమునైనను భద్రపరచును. ఇంతటి నిపుణమైన వస్తువులో ఒక్క లోపము కలదు. 1980 నాటి ప్రమాణములో పాట పేరునకు గాని పాడినవారి పేరునకు గాని చోటు లేదు. ఎన్ని పాటలు, ఒక్కొక్కటి ఎంతసేపు అనునదియే అందులో ఉండును. 1996లో పేర్లను కూడ సీడీలో వ్రాయు ఏర్పాటు వచ్చినను, పెక్కు యంత్రములు దానిని చదువలేదు. అందుచేత ఇంటిలో చేసిన సీడీని కంప్యూటరులో పెట్టినచో మొదటి ట్రాకు, రెండవ ట్రాకు అని అంకెలే కనబడును. పేరంతయు పై చీటీ మీదనే ఆధారపడినది.

ఇంటిలో వ్రాసికొనదగిన సీడీని 1988లో జపాను దేశపు తాయో యూదెను కంపెనీ ప్రకటించెను. 2000 తరువాత అది మన పల్లెలకు చేరి, కంప్యూటరున్న చిన్న దుకాణములలో కూడ సీడీ రైటు చేయించుకొనుట వాడుక యయ్యెను. వేయి సీడీలు కావలెనన్నచో కర్మాగారమున అచ్చువేయించి, పైభాగమును తెరగుడ్డ ముద్రణతో గాని ఆఫ్‌సెట్టుతో గాని రంగులద్దించవచ్చును. ఏబది కావలసినవారికి అది గిట్టదు. వారికి మిగిలిన ఉపాయములు మూడు: కలముతో వ్రాయుట, జిగురు కాగితము అంటించుట, తెల్లపూత గల సీడీలను కొని ఇంకుజెట్టు యంత్రముతో ముద్రించుట. 2004లో సీడీ వ్రాయు కాంతితోనే పైన బొమ్మ గీయు లైట్‌స్క్రైబు అను పద్ధతి వచ్చి, కొన్నేండ్లు నడచి, మాయమయ్యెను.

ఈ మూడింటిలో మొదటిది చవుక, రెండవది అందము, మూడవది శ్రేష్ఠము. ఎందువలననో చెప్పెదము. సీడీకి క్రింది వైపున గీత పడునేమో యని మనము భయపడుదుము. నిజమునకు సుకుమారమైనది పై వైపే. క్రింద 1.2 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్కు కవచమున్నది. సంగీతమును దాచిన పొర పైభాగమున, పలుచని వార్నీషు పూత క్రిందనే యున్నది. బాలుపాయింటు కలముతో నొక్కి వ్రాసినచో ఆ మొన నేరుగా పాట మీదనే పడును. ఘాటైన ద్రావకముల సిరా ఆ పూతను తినవచ్చును. నీటి సిరా గల మెత్తని మొన కలము మేలు. నడిమి పారదర్శకమైన వలయము మీద వ్రాయుట మరియు మేలు, అచ్చట సంగీతము లేదు.

జిగురు కాగితము చూచుటకు అచ్చువేసినట్లే యుండును. కాని సంగీత యంత్రములో సీడీ నిమిషమునకు 200 మొదలు 500 చుట్లు తిరుగును. వేగము గల కంప్యూటరులో పదివేల చుట్ల వరకు పోవును. కాగితము వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను పళ్ళెము అదరును. తేమకు కాగితము ముడుచుకొనును, జిగురు లేచును. లేచుచు పాటను కూడ పెకలించును. గోదావరి పాయల నడుమ, సముద్రపు గాలిలో నున్న కోనసీమకు తేమ సంగతి చెప్పనక్కరలేదు. అమెరికా దేశపు ప్రమాణముల జాతీయ సంస్థ 2003లో గ్రంథాలయములకై వెలువరించిన మార్గదర్శినిలో, అయిదేండ్లకు మించి దాచదలచిన సీడీలకు జిగురు చీటీలు తగవని చెప్పినది. లక్క ప్లేటునకు ప్రాణమైన కాగితపు చీటీ, సీడీకి గండమైనది.

చీటీ మీద ఏమి వ్రాయవలెనో మన శాసనమే చెప్పుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టములో 1984లో చేర్చిన 52-ఎ విభాగము ప్రకారము, ప్రచురించు ప్రతి ధ్వని రికార్డు మీదను, దాని పెట్టె మీదను మూడు వివరములుండవలెను: రికార్డు చేసినవారి పేరు, చిరునామా, రచన హక్కుదారు పేరు, చిరునామా, తొలి ప్రచురణ సంవత్సరము. దీనిని మీరినవారికి మూడేండ్ల వరకు కారాగారము, జరిమానా కలవు. పెట్టె మీద మాత్రమే వ్రాసిన చాలదని శాసనము ముందే ఊహించినది. ఎడిసను కాలపు డబ్బాల తారుమారు మనము ఎరిగినదే గదా.

హక్కుల లెక్కయు స్వల్పము కాదు. పాండవోద్యోగ పద్యము నూరేండ్ల నాటిదని, అడుగువారు లేరని తలచి సీడీ చేసినవారు ఉండవచ్చును. తిరుపతిశాస్త్రిగారు 1920లో, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1950లో గతించిరి. ఇద్దరు కలసి వ్రాసిన రచనకు తుదివారి మరణమునుండి అరువదేండ్లు లెక్కింపవలెను. అనగా 2010 చివరి వరకు ఆ పద్యములకు హక్కుదారులుండిరి. కవి పేరు చీటీ మీద వ్రాసికొన్నవారికి ఈ లెక్క తోచియుండును; వ్రాయనివారికి తోచు అవకాశమే లేదు.

ఇప్పుడు మన బీరువాలలోని సంగతికి వత్తము. వేదపఠన సంప్రదాయమును 2003లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. ఆ పఠనమునకు కోనసీమ అగ్రహారములు పేరుపొందినవి. అట్లే హరికథకులు, పద్యనటులు, సన్నాయి విద్వాంసులు, భజనపరులు మన పల్లెలలో ఎందరో వెలసిరి. వీరిలో పెక్కుమందిని ఏ కంపెనీయు రికార్డు చేయలేదు. ఎవరో శిష్యుడు, ఏ మనుమడో ముచ్చటపడి చేయించిన సీడీయే వారి గొంతునకు మిగిలిన ఏకైక ఆధారము. ఇంటిలో వ్రాసిన సీడీలోని రంగుపొర ఎండకు, వేడికి, తేమకు వెలిసిపోవును. సీడీ యంత్రములే అరుదగుచున్నవి. పాట పోవుటకు ముందే పేరు పోవు ప్రమాదము కలదు.

కనుక శ్రోతలకు మా మనవి ఇది. అట్టి సీడీ ఇంట నున్నచో, ముందు దానిని మరియొక చోటికి, వీలైనచో రెండు చోట్లకు, నకలు తీయించుడు. నకలునకు అంకె గాక పేరు పెట్టుడు. అంటించిన కాగితమును పీకబోకుడు. అది పాటతో సహా ఊడివచ్చును. క్రొత్తగా పాడించి దాచుకొనువారు, పాడువారి చేతనే మొదట వారి పేరు, ఊరు, తేదీ, రచయిత పేరు చెప్పించుడు. 1902లో హానోవరు పనివారి కొరకై వాడిన ఆ ఉపాయము నేటికిని అన్ని చీటీలకన్న గట్టిది. సిరా మాయును, జిగురు లేచును, పెట్టె మారును. గొంతులో కలసిన పేరు గొంతు ఉన్నంతకాలము ఉండును.

పేరు లేని సీడీ దొరికినచో దానిని పెద్దల ఎదుట పెట్టి వినిపించుడు. పద్యము ఎత్తుకొన్న తీరును బట్టి, ఆలాపనలోని విరుపును బట్టి, ఇది ఫలానావారి గొంతని చెప్పగలవారు ప్రతి యూర ఇద్దరు ముగ్గురు ఇంకను ఉందురు. వారు చెప్పినదానిని వెంటనే వ్రాసికొనుడు. ఆ గొంతును గుర్తుపట్టువారు వెళ్ళిపోయిన పిమ్మట ఏ యంత్రమును ఆ పేరును చెప్పజాలదు.