ఇంటిపేరు ఎవరిది? నల్లగొండ, పాలమూరు దళితుల పేర్ల చరిత్ర మీద కొన్ని ఆలోచనలు

మన దగ్గర చరిత్ర అంటే రాజుల పేర్లు, దొరల పేర్లు, గడీల పేర్లు. ఆ గడీలకు వెట్టి చేసినోళ్ళ పేర్లు చరిత్రకెక్కలేదు. ఎక్కినా సగమే ఎక్కినయి. ఎల్లయ్య, మల్లయ్య, మైసయ్య అని ఒంటి పేరు, దాని ముందట కులం. అంతే. దీన్ని చూసి మాల మాదిగలకు ఇంటిపేర్లు లేవని, ఉన్నా బడికి పోయినంక పెట్టుకున్నవేనని చదువుకున్నోళ్ళు సైతం అంటుంటరు. ఈ మాటలో నిజమెంతో ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగాల ఇంగ్లండ్ సంగతి చూద్దాం. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని గెలిచేనాటికి అక్కడి సామాన్యులకు ఒక్క పేరే ఉండేది. నార్మన్ ప్రభువులు తమ జాగీర్ల పేర్లను ఇంటిపేర్లుగా చేసుకున్నరు. ఆ అలవాటు మెల్లమెల్లగా కింది జనానికి దిగింది. 1377, 1379, 1381లలో రాజ్యం తలపన్ను వేసినప్పుడు ఊరూరా మనుషుల పేర్లు రాసుకున్నరు. 14వ శతాబ్దం ముగిసేనాటికి ఇంగ్లండ్‌లో చాలామందికి తండ్రి నుంచి బిడ్డలకు దిగే ఇంటిపేరు ఏర్పడింది. 1538 నుంచి చర్చి రిజిస్టర్లు కూడా తోడైనయి. ఊరి పేరు, తండ్రి పేరు, చేసే పని, నలుగురు పెట్టిన ఎగతాళి పేరు, ఈ నాలుగు దారుల్లోనే అక్కడి ఇంటిపేర్లు ఎక్కువగా పుట్టినయి. స్మిత్ అంటే కమ్మరి. టేలర్ అంటే దర్జీ. స్కిన్నర్ అంటే తోళ్ళ పనోడు.

వీటిల్ల బార్కర్ అనే ఇంటిపేరు మనకు ముఖ్యం. ఆ పేరుకు గొర్రెల కాపరి అనే ఇంకో మూలం కూడా ఉన్నది గని, ఎక్కువగా చెప్పే మూలం చెట్టు బెరడు. ఓక్ చెట్టు బెరడు ఒలిచి, దానితోని తోలు పదును చేసేటోడు బార్కర్.

నల్లగొండ, పాలమూరు మెట్టల్లో ఓక్ లేదు, తంగేడు ఉన్నది. మాదిగోళ్ళు పచ్చి తోలును సున్నం నీళ్ళల్ల నానబెట్టి, వెంట్రుకలు గీకి, లందలో తంగేడు చెక్క నీళ్ళల్ల ఊరబెట్టేటోళ్ళు. ఆ తోలుతోనే మోట బొక్కెన, ఎడ్ల వార్లు, చెప్పులు, డప్పు. చెరువు కింది భూములు పోను ఈ ఎగువ నేలల్లో సేద్యమంతా బావుల మీదనే. కరెంటు మోటార్లు వచ్చేదాకా తోలు బొక్కెన లేనిదే బావి నీళ్ళు మీదికి వచ్చేవి కావు. దొర పంట పండిందంటే లంద కాడ మాదిగ చెయ్యి తడిసింది కాబట్టి.

బార్కర్ చేసిన పనే మాదిగ చేసిండు. బార్కర్ మనుమడు గుమస్తా అయినా, మంత్రి అయినా ఆ పేరు విని అక్కడ ఎవరూ ముక్కు మూసుకోరు. పని పోయింది, పేరు మిగిలింది, అవమానం మిగల్లేదు. మన దగ్గర అదే పని ఇంటిపేరు కాలేదు, కులంపేరై మెడకు పడ్డది. లంద పూడిపోయి రెండు తరాలైనా కులం పోలేదు. కులం పనిని కాదు, పనిచేసేటోళ్ళనే విడదీస్తుందని అంబేద్కర్ 1936లోనే తేల్చిండు. ఇంటిపేర్లను చూస్తే ఆ తేడా కండ్లకు కట్టినట్టు కనబడుతది.

మరి పనిలోంచి పుట్టిన ఇంటిపేర్లు మనకు అసలు లేవా? ఉన్నయి. నీరటి, తలారి, సుంకరి, బేగరి. కొన్ని వేరే కులాలల్ల కూడా ఉన్నయి. నీరటి అంటే చెరువు తూము కాడ ఉండి పొలాలకు నీళ్ళు పారించినోడు. సుంకరి మాటలో సుంకం ఉన్నది గని, మన ఊర్లల్ల సుంకరి అంటే పటేల్, పట్వారీల వెంట తిరిగిన ఊరి సేవకుడు. ఇక బేగరి. ఫారసీలో బేగార్ అంటే కూలి లేని పని, మన మాటలో వెట్టి. బార్కర్ అనే పేరు ఒక నేర్పును చెప్తే, బేగరి అనే పేరు కూలి ఎగ్గొట్టడాన్ని చెప్తది. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వెట్టి మీద మాట్లాడింది. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ పల్లెలు వెట్టి మీద తిరగబడ్డయి. 1984-85లలో పటేల్, పట్వారీల వ్యవస్థ రద్దయింది. వెట్టి పోయినా బేగరి అనే ఇంటిపేరు ఇంకా రేషన్ కార్డుల మీద ఉన్నది.

ఈ పని పేర్లు కాక మిగిలిన ఇంటిపేర్ల మాటేంది? అవి రాతలో లేవు, నోట్లో ఉన్నయి. ఏ మాదిగ గూడెంలనన్న పెండ్లి మాట వచ్చిందంటే మొదటి ప్రశ్న ఇంటిపేరే. ఒక్క ఇంటిపేరోళ్ళు పాలోళ్ళు, అన్నదమ్ముల వరస, పిల్లనిచ్చుకోరు. ఇంటిపేర్లు లేని జాతికి ఈ లెక్క ఎట్ల కుదురుతది? మాదిగల మీద ఆధారపడి బతికే దక్కలోళ్ళు జాంబ పురాణంతో పాటు గోత్రాలు, వంశాలు చెప్పుకుంట వచ్చిండ్రు. పట్వారీ దస్త్రానికి ఎదురుగా మాదిగలకున్న దస్త్రం వాళ్ళ గొంతే. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య ఆ జాతి బిడ్డే. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట ఆయన ఊరు, ఇంటిపేరు దర్శనం. ఆయన వాద్యాన్ని మెచ్చుకున్నోళ్ళు ఆ జాతి మోసిన వంశాల లెక్కను పట్టించుకోలేదు.

కాబట్టి ఇంటిపేరు లేకపోవడం కాదు, రాయకపోవడం జరిగింది. ఇది దళితులకే పరిమితం కాలేదు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో విసునూరు దొర మీద కొట్లాడి పంట దక్కించుకున్న ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకం ఆమెను చాకలి ఐలమ్మ అనే ఎరుగు. 2024లో హైదరాబాద్ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు కూడా కులం పేరుతోనే పెట్టిండ్రు. ఆ పేరులో ఇయ్యాల గౌరవం ఉన్నది, కాదనం. కని దొరకు ఇంటిపేరు, ఐలమ్మకు కులంపేరు ఎట్ల దక్కినయో అడగాల్సిందే.

రాయకపోతే నష్టమేందని అడగొచ్చు. భూమి తగాదాలల్ల ఇప్పటికీ ముందు తీసే కాగితం 1954-55 ఖాస్రా పహాణీ. ఊర్లె ఇద్దరు ఎల్లయ్యలు ఉండి, ఇద్దరి తండ్రులూ మల్లయ్యలే అయి, ఇంటిపేరు రాయకపోతే ఆ రెండెకరాలు ఏ ఎల్లయ్యవి? చెప్పేటోడు పట్వారీ. పట్వారీ ఎవరి దిక్కు ఉన్నడో ఊరందరికీ ఎరుకే. ఇంటిపేరు కొట్టేసిన చోటనే ఇనాం చెక్క, కౌలు హక్కు మాయం కావడానికి దారి పడ్డది.

మా ఇండ్లల్ల మేమే మొదటి డిగ్రీలోళ్ళం. మాలాంటోళ్ళ ఇంటిపేరు మొదటిసారి రాతకెక్కింది బడి రిజిస్టర్ల. అది కూడా సారు విన్నట్టు, సారుకు తోచినట్టు. అన్నకు ఒక తీరు, తమ్మునికి ఒక తీరు రాసిన ఇండ్లు మాకు తెలుసు. కులం సర్టిఫికెట్ కోసం తిరిగినప్పుడు ఆ అక్షరం తేడాకు కాళ్ళరిగేది మన పిల్లలవే.

రాతను తమ చేతుల్లోకి తీసుకున్నోళ్ళు కూడా ఉన్నరు. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయిండు. వర్మ 1913లో ఆర్య సమాజం ఇచ్చిన బిరుదు. పైకులాల పేరు తీసుకొని వాళ్ళ గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టడం ఒక దారి. ఆ ఉద్యమం ఒత్తిడితోనే 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం ఆది హిందువులు అనే పేరును రాసుకుంది. అంబేద్కర్ ఇంటిపేరు వెనుక అంబడవె అనే ఊరున్నది, తండ్రి ఇంటిపేరు సక్పాల్. ఊరి పేరు పెట్టుకొని కులం ఆనవాలు లేకుండా చేసుకోవడం రెండో దారి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోర మూడో దారి తీసింది. మంద కృష్ణ పక్కన మాదిగ చేరింది. తిట్టుగా వాడిన మాటను రెడ్డి, శర్మ పక్కన తలెత్తుకొని నిలబెట్టిండ్రు. దండోర అడిగిన వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అనుమతినిస్తే, తెలంగాణలో అది 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ మూడు దారులల్ల ఏది సరైందో తీర్పు చెప్పడం మా పని కాదు. ఏ దారి పట్టినా ముందు మన ఇంటిపేరు మనకు తెలిసి ఉండాలె. అందుకని ఈ రెండు జిల్లాల విద్యార్థులను, టీచర్లను మేం కోరేది ఒక్కటే. మీ వాడల ముసలోళ్ళను కూసోబెట్టుకొని ఒక్కో ఇంటిపేరు, దాని పాలోళ్ళు, వాళ్ళు వచ్చిన ఊరు, చేసిన పని, పోగొట్టుకున్న భూమి రాసి పెట్టుండ్రి. దక్కలోళ్ళు వస్తే బియ్యం పెట్టి పంపకుండా వాళ్ళు చెప్పే వంశం రికార్డు చేయుండ్రి. అట్ల రాసినదాన్ని పహాణీ పక్కన పెట్టి చదివితే, ఏ ఎల్లయ్య భూమి ఎక్కడ పోయిందో కొన్ని ఊర్లల్లనన్న తేలుతది.