లాంతరు వెలుగున ఇచ్చిన సాయంకాలములు



శతవార్షికోత్సవ సందర్భమున మన పాత రిజిస్టర్లను తిరుగవేయు పని నా వంతునకు వచ్చినది. వాటిలో గురువుల పేర్లున్నవి, ఉపదేశుల జీతములున్నవి, గుడి కప్పునకు కొన్న పెంకుల లెక్క కూడ ఉన్నది. జీతము లేకుండ తమ సాయంకాలములను ఇతరులకొరకు ఇచ్చినవారి పేర్లు మాత్రము ఎక్కడను కానరావు. రసీదు లేని కానుక పద్దు పుస్తకమునకు ఎక్కదు గదా! అట్టివారికి దొరికిన ప్రతిఫలమేమి? ఈ ప్రశ్నకు నేను కన్నులార చూచిన ఒక చరిత్రనుండియే జవాబు వెదకుచున్నాను. అది నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమము. అది సంఘము జరిగించిన పని కాదు. అయినను అందులో మా యింటినుండి ఒకరు పాలుపొందిరి.

కూలి తీసికొనక బోధించుట మొదటినుండి ఉన్న ఆచారమని మనము తలంతుము. 1780లో ఇంగ్లాండులోని గ్లోస్టర్ పట్టణమున రాబర్ట్ రెయిక్స్ సండేస్కూలు పెట్టినప్పుడు బోధించు స్త్రీలకు ఆదివారమునకు ఒక షిల్లింగు చొప్పున ఇచ్చెడివాడు. ఉచితముగా బోధించువారు తరువాతనే ముందుకు వచ్చిరి. ఈ సంగతి మన సండేస్కూలు టీచర్లకు చెప్పినప్పుడెల్ల వారు నవ్వుదురు.

జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988 మే 5న ప్రారంభమైనది. పదునైదు మొదలు ముప్పదియైదేండ్ల వయస్సుగల వారికి చదువు నేర్పుట దాని ఉద్దేశము. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళము సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటింపబడగా, అదే పద్ధతిని 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో మొదలుపెట్టిరి. ముందుగా కళాజాతాలు ఊరూర ఆడిపాడినవి. పిమ్మట వాలంటీర్లు బయలుదేరిరి. మూడు వాచకములు, సుమారు రెండువందల గంటల బోధన. రాత్రికి రెండు గంటల చొప్పున లెక్కవేయుడి. నూరు సాయంకాలములు! ఇల్లు, వాకిలి, పిల్లలు గల స్త్రీకి నూరు సాయంకాలములనగా ఏమో ఇంటింట ఎరిగినదే.

మా అమ్మ పదవ తరగతి చదివినది. అప్పుడు నాకు పదేండ్లు లోపు. లాంతరు చిమ్నీని ముగ్గుపిండితో తుడుచుట నా పని. మా పల్లెకును యానాదుల కాలనీకిని నడుమ ఒక్క పంటకాలువ. కాపురమునకు వచ్చిన తొమ్మిదేండ్లలో అమ్మ ఆ కాలువ దాటలేదు. ఒప్పుకొనవలసిన మాట ఒకటున్నది. ఊరివారు మనలను దూరముంచినారని బాధపడిన మనమే, మనకంటె తక్కువవారని యానాదులను దూరముంచితిమి. బడి పెట్టుటకు కాలనీలోనే వసారా దొరికినందున అమ్మకు కాలువ దాటక తప్పలేదు. తప్పనిసరియై దాటినదే గాని గొప్ప మనస్సుతో దాటలేదని ఆమెయే చెప్పును.

పదిమంది స్త్రీలు వచ్చిరి. పగలంతయు చేపలు పట్టి, నాట్లు వేసి వచ్చిన చేతులు బలపము పట్టలేక వణకెడివి. కోతల కాలములో వారము పొడుగున ఒక్కరును రాలేదు. అమ్మ ఒంటరిగా లాంతరు ముందు కూర్చుండి తిరిగి వచ్చెడిది. నాన్న విసుగుకొనెడివాడు. అన్నము ఆలస్యమాయెనని, కిరసనాయిలు వృథా అని. ఆయన మాటలో అన్యాయమున్నదని నేను అనలేను. ఉచిత సేవకు వెల కట్టనిది చేయువారు మాత్రమే. ఇంటిలోనివారు ఆ వెల చెల్లింతురు.

రేపు ఉద్యోగమిత్తురని ఇరుగుపొరుగు చెప్పిరి. అమ్మకును కొంత ఆశ లేకపోలేదు. ఉద్యోగము రాలేదు. ఇత్తుమన్న సర్టిఫికెట్టుకొరకు ఒక ఆఫీసునకు రెండుమార్లు తిరిగినది. రేపు రమ్మనిరి. మూడవసారి వెళ్లలేదు.

ఇక ఆ ఉద్యమఫలము మీకు తెలిసినదే. రాత్రి బడులలో కూడిన స్త్రీలు తమ కష్టములను గూర్చి మాటలాడుకొనసాగిరి. దూబగుంట స్త్రీలు రోశమ్మగారి నాయకత్వమున తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ వృత్తాంతమే పాఠముగా అచ్చయి ఇతర గ్రామములలో చదువబడెను. 1992లో జిల్లా అంతట స్త్రీలు సారా వేలములను అడ్డుకొనిరి. ఒక చేత పలకను, మరియొక చేత సారా ప్యాకెట్టును ఇచ్చిన ప్రభుత్వమునకు తన పలకయే ఎదురు తిరిగినది! 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలయ్యెను. 1997లో దానిని సడలించిరి. గెలుపు నిలువలేదనువారున్నారు. నిజమే. అమ్మ నేర్పిన పదిమందిలోను సగముపైగా అక్షరములు మరచిరి.

అయితే అమ్మకు ఏమి దొరికినది? నలుగురియెదుట నోరు విప్పని మనిషి, మరుసటి సంవత్సరము స్త్రీల మైత్రి కూటములో నిలువబడి మాటలాడినది. కాలనీ స్త్రీలు ఆమెను పంతులమ్మా అని పిలిచిరి. మా యింట అంతవరకు ఆమెను ఫలానావాని భార్యయనియో, నా తల్లియనియో పిలిచినవారే గాని ఆమెకంటూ ఒక పేరు పెట్టినవారు లేరు. కాలనీవారు కాలువ దాటి మా గడపలోనికి వచ్చుట మొదలైనది. మా చెల్లెలికి జ్వరము తిరుగబెట్టిన రాత్రి తోడుండినది వారిలో ఒకామె. నేను వేదాంత కళాశాలలో పరిచర్యను గూర్చి అనేక గ్రంథములు చదివితిని. ఆ గ్రంథములలోని సేవకుడు ఎప్పుడును ఇచ్చువాడే. ఆ రాత్రి మా యింట తీసికొన్నది మేము.

కొన్ని సంవత్సరముల క్రిందట అమ్మ నెల్లూరులో కంటి ఆపరేషను చేయించుకొని కట్టుతో వచ్చుచుండగా, బస్టాండులో ఎవరో పంతులమ్మా అని కేక వేసిరట. ఆ పదిమందిలో ఒకతె. చేపల బుట్ట దించి, బస్సు బోర్డును అక్షరమక్షరము కూడబలుకుకొని చదివి, చేయి పట్టి ఎక్కించినది. అమ్మ ఇంటికి చేరి కంటి సంగతి చెప్పనే లేదు.

“ఒత్తు కూడా తప్పు పోలేదురా” అన్నది.