శబ్దమును పట్టిన పెట్టె

శబ్దము నిత్యమని మీమాంసకులును, పుట్టిన మూడవ క్షణముననే నశించునని నైయాయికులును చిరకాలము వాదించిరి. పల్నాటి పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రమించిన నాకు, ఈ తగవులోనికి మూడవ వాదివలె వచ్చిన యొక యంత్రమును గూర్చి నేడు ముచ్చటింప వేడుక కలిగినది. దాని పేరు శాంప్లరు.

ఇది ధ్వనితరంగముల యెత్తుపల్లములను కొలిచి, అంకెలుగా మార్చి, తన జ్ఞాపకకోశమున దాచుకొనును. ఒక్క మద్దెల దెబ్బ వినిపించిన చాలును. పిమ్మట కీబోర్డుపై నే మెట్టు నొక్కినను ఆ దెబ్బయే పలుకును. పై మెట్టున స్థాయి హెచ్చును, క్రింది మెట్టున తగ్గును.

1979లో ఆస్ట్రేలియాయందలి సిడ్నీ నగరమున పీటర్ వోగెల్, కిమ్ రైరీ యనువారలు ఫెయిర్‌లైట్ అను యంత్రమును వెలయించిరి. దాని వెల సామాన్యుల కందునది కాదు. 1988లో జపానుదేశపు అకాయ్ సంస్థ ఎస్-1000 అను శాంప్లరును తెచ్చెను. అది సెకనునకు 44,100 మారులు శబ్దమును కొలుచును. అయినను దానితో వచ్చిన 2 మెగాబైట్ల కోశమున ఒంటి శబ్దధార ఇంచుమించు 24 సెకనులు మాత్రమే యిమిడెడిది. ఆ కొలది సెకనులే లోకమందలి పాట పోకడను మార్చివేసినవి.

ఆ గాలి మదరాసునకును వీచెను. పూర్వము సినిమాపాటకు పదులకొలది వాద్యకారులు కూర్చుండి వాయించెడివారు. రాజ్-కోటి జంటనాటికి కీబోర్డునకు ప్రాముఖ్యము పెరిగెను. వారియొద్ద కీబోర్డు వాయించిన దిలీప్ అను యువకుడే 1992లో ‘రోజా’ చిత్రముతో ఎ.ఆర్. రహమానుగా ప్రసిద్ధికెక్కెను. ఫిడేళ్ల బృందనాదము ఒక్క వ్రేలిక్రింద నొదిగెను, వ్యయము తగ్గెను, పలువురు వాద్యకారుల జీవికయు సన్నగిల్లెను.

ఇక మా పల్నాటి మాట. కారెంపూడి వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులు పల్నాటి వీరకథను గానము చేయుదురు. అలిసెట్టి గాలెయ్య పాడిన యా కథను జీన్ రోఘెయిర్ అను అమెరికా పండితుడు ధ్వనిముద్రణము చేసి, ఆంగ్లానువాదముతో 1982లో గ్రంథముగా ప్రకటించెను. అందు గాయకుని పేరు నిలిచినది. శాంప్లరులో అంతటి కథ యిముడదు. ఒక కేకయో, ఒక తాళపు దెబ్బయో యిముడును. ఆ కేక బ్రహ్మనాయుని గూర్చినదో బాలచంద్రుని గూర్చినదో యంత్ర మెరుగదు. అది యే దేశపు పాటలోనైనను పలుకును. పలికించిన గొంతు ఎవరిదో చెప్పదు.

శబ్దము నిలిచినంతమాత్రమున విద్య నిలువదు. కావున పల్లెగాయకుల గొంతును పట్టువారు పట్టుదురు గాక! పట్టినప్పుడు పాడినవాని పేరును, ఊరును, కథాఘట్టమును వ్రాసియుంచవలెను. అతని ప్రతిఫలము అతనికి ముట్టజెప్పవలెను. ఇది యంత్రము చేయజాలని పని. మనము చేయవలసిన ధర్మము.